ఐదో ఛానల్‌లో బందీ

ఆ ఉదయం రేడియో బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిన్ని బ్యాంకు పని చూసుకుని వచ్చేలోగా హాల్లో మూడు బ్యాటరీల సేపు డ్రోన్ ఎగరేసి, అన్నీ డబ్బాలో సర్దేసి, పేపరు ముందేసుకుని కూర్చోవాలి. ఒక్కో బ్యాటరీ నాలుగు నిమిషాలు వస్తుంది. మొత్తం పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో మనిషి ఎంత గొడవ తెచ్చుకోగలడులే అనుకున్నాడాయన.

"నేను ఇంట్లో ఉండగా మాత్రం దాన్ని బయటికి తీయకండి. ఆ రొద వింటే చెవిలో దోమ దూరినట్టుంటుంది," అని పిన్ని మొదటిరోజే షరతు పెట్టింది. చెప్పులేసుకుంటూ ఆ మాటే మళ్ళీ అని, "బాల్కనీ తలుపు వేసుకోండి," అని కూడా చెప్పి వెళ్ళింది. బాబాయ్‌కి మొదటి మాట మాత్రమే వినబడింది.

అరవై మూడేళ్ళ బాబాయ్‌కి అసలు పేరు ఒకటుంది కానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ముప్పై నాలుగేళ్ళు ఆయన తామున్న బిల్డింగు కింద ఉన్న ఇరుకు గదిలో రేడియోలు, టీవీలు బాగుచేశాడు. గదినిండా టంకం పొగ, వేడెక్కిన దుమ్ము వాసన. ఆదివారం సాయంత్రం ఎవరి టీవీలో బొమ్మ పోయినా ముందు ఆయనకే కబురు. ఆయన మేడెక్కి యాంటెన్నా తిప్పుతుంటే కిటికీలోంచి ఒకరు, మెట్ల మీద ఒకరు, కింద వీధిలో ఒకరు నిలబడి "వచ్చింది! వచ్చింది! అయ్యో, పోయింది!" అని అరుపులు అందించేవారు. తర్వాత పల్చటి టీవీలొచ్చాయి. అవి పాడైతే జనం బాగుచేయించడం మానేసి కొత్తవి కొనుక్కున్నారు. మూడేళ్ళ కిందట ఆయన షాపు మూసేశాడు. ఇప్పుడక్కడ ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు.

చేతులు ఊరుకోవు కదా. ఒకరోజు ఫోన్లో ఎవరో ఇంట్లోనే బుల్లి డ్రోన్‌ని కుర్చీల కాళ్ళ మధ్యనుంచి తిప్పుతుంటే చూసి, మర్నాడే డ్రోన్ల షాపుకు వెళ్ళాడు. అక్కడి అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, "మనవడికా అండీ?" అంది.

"నాకేనమ్మా."

"అయితే కూర్చోండి. ఎక్కడ ఎగరేస్తారు?"

"మా హాల్లో."

"హాలెంత ఉంటుంది?"

"సోఫా జరిపితే నలుగురు పడుకోవచ్చు."

ఆ అమ్మాయి బల్లమీదున్న పెద్ద డ్రోన్లన్నీ పక్కకు నెట్టేసింది. "ఇవి మీ హాల్లో ఎగిరితే మీరు హాల్లో ఉండకూడదు," అని అరచేతిలో పట్టే ఒక నీలంరంగు దాన్ని తీసింది. రెక్కల చుట్టూ వలయాలున్నాయి, గోడకు గుద్దుకున్నా గోడకూ దానికీ పెద్దగా నష్టం లేదట. "దీన్నే ఎఫ్‌పీవీ అంటారు. దీని ముక్కున కెమెరా ఉంది. అది చూసేదంతా మీ కళ్ళకు పెట్టుకున్న డబ్బాలో కనిపిస్తుంది. మీరే లోపల కూర్చుని ఎగురుతున్నట్టు ఉంటుంది. రిమోట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దండీ. డ్రోన్ రేపో మాపో విరుగుతుంది, రిమోట్ మిగులుతుంది. దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి ముందు ఆటలో నేర్చుకోండి, అక్కడ ఎన్నిసార్లు గుద్దినా ఖర్చుండదు. బ్యాటరీలు మూడైనా ఉండాలి. ఒక్కటే కొంటే నాలుగు నిమిషాలు ఎగరేసి నలభై నిమిషాలు ఛార్జర్ మొహం చూస్తూ కూర్చోవాలి."

కళ్ళకు పెట్టుకునే డబ్బాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి డిజిటల్, బొమ్మ అద్దంలా ఉంటుంది, ధర మాత్రం కళ్ళు తిరిగేలా ఉంది. రెండోది పాతరకం అనలాగ్, చవక. దాన్ని పెట్టుకోగానే బాబాయ్ రెండు చేతులతో ముఖానికి అదుముకున్నాడు. బొమ్మనిండా తెల్లటి చుక్కలు కురుస్తున్నాయి. సన్నటి గీతలు పైనుంచి కిందికి జారుతున్నాయి. ఆ అమ్మాయి కంగారుపడి, "చుక్కలు చూసి అనుమానపడకండి, దీంట్లో అంతే," అంది.

"అనుమానం కాదమ్మా," అన్నాడు బాబాయ్, డబ్బా తీయకుండానే. "మా షాపు కనిపించింది."

అలా బేరం కుదిరింది. అన్నీ కట్టి ఇస్తూ ఆ అమ్మాయి, "మా దగ్గర అన్నీ ఐదో ఛానల్‌లోనే పెట్టి ఇస్తాం. పక్కన ఇంకెవరైనా ఎగరేస్తుంటే మార్చుకోండి," అంది.

"మా బిల్డింగులో నాలాంటివాడు ఇంకెవడున్నాడమ్మా," అని నవ్వేసి వచ్చాడాయన. మూడు వారాలు లాప్‌టాప్ మీద కొన్ని వందలసార్లు నేలకూలాక, ఐదు రోజుల కిందటే అసలు డ్రోన్ పైకి లేపాడు.

ఆయనకు ఉన్న భయం ఒక్కటే, పై అంతస్తు హెడ్మాస్టారు. రిటైరై పదేళ్ళయినా బిల్డింగు సంఘానికి అధ్యక్షుడు ఆయనే. వరండాలో బంతి దొర్లినా నోటీసు అంటిస్తాడు. ఒకప్పుడు ఇద్దరికీ ఎంతో స్నేహం. బిల్డింగులో మొదటి టీవీ మాస్టారిదే. మ్యాచ్ ఉన్నరోజు వాళ్ళ హాల్లో కాలు పెట్టే చోటుండేది కాదు. మాస్టారి భార్య గ్లాసులు సరిపోక బాబాయ్‌కి ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చేది. తర్వాత ఒకరోజు మాస్టారు ఒక్కమాటైనా అడక్కుండా పల్చటి టీవీ కొనుక్కొచ్చి, "ఇంక నీ కాలం అయిపోయిందయ్యా రేడియో," అని నవ్వాడు. ఆయన సరదాకే అన్నాడు. బాబాయ్‌కి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. అప్పటినుంచి లిఫ్టులో తలలూపుకోవడమే తప్ప మాటల్లేవు. రెండేళ్ళ కిందట మాస్టారి భార్య పోయినప్పుడు కూడా బాబాయ్ వెళ్ళి గోడవారగా నిలబడి, నోరు పెగలక తిరిగి వచ్చేశాడు.

సరే, ఆ ఉదయం బాబాయ్ సోఫా జరిపి, కుర్చీలో కూర్చుని, డబ్బా కళ్ళకు బిగించాడు. డ్రోన్ లేచింది. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ, కుర్చీ కింద నుంచి ఒక దూకుడు, ఫ్రిజ్ మీద కాసేపు విశ్రాంతి. ఒళ్ళు తేలికైపోయింది. ఆ ఊపులో కర్టెన్ అంచుకు తగిలాడు. బొమ్మ గిర్రున తిరిగి, చుక్కలైపోయి, నల్లబడింది. మరుక్షణం మళ్ళీ వచ్చింది.

కానీ అది ఆయన హాలు కాదు.

ఆకుపచ్చ గోడలు. పుస్తకాల బీరువా. కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు. బాల్కనీ తలుపు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. డ్రోన్ బయటికెళ్ళి ఎవరింట్లోనో దూరింది! వెనక్కి తిప్పుదామని రిమోట్ మీది పుల్లను ఎడమకు లాగాడు. కాసేపటికి బొమ్మ ఎడమకే తిరిగింది. 'బ్యాటరీ నీరసపడి ఆలస్యంగా మాట వింటోంది' అనుకున్నాడు. కుడికి లాగాడు. అది నేరుగా వెళ్ళింది. 'మరీ నీరసపడింది' అనుకున్నాడు.

అప్పుడు కనిపించాడు మనిషి. చుక్కల వానలో, కుర్చీలో, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. తలచుట్టూ వెడల్పాటి నల్లటి పట్టీ బిగించి ఉంది. మోచేతులు పక్కలకు అతుక్కుపోయాయి, చేతులు రెండూ ముందుకు కట్టేసినట్టున్నాయి. కదలడు, మెదలడు. బొమ్మ మళ్ళీ నల్లబడింది.

బాబాయ్ తన తలచుట్టూ ఉన్న నల్లటి పట్టీ విప్పుకుని, ఒళ్ళోని రిమోట్ పక్కన పడేసి లేచాడు. సరిగ్గా అప్పుడే పిన్ని తలుపు తీసింది. బ్యాంకుకు ఆరోజు సెలవట.

"ఎవర్నో కట్టేశారే!" అన్నాడు బాబాయ్.

"ఎవరిని? ఎవరు?"

"తెలీదు. డ్రోన్ బయటికి పోయింది. ఎవరింట్లోనో ఒకాయన్ని కళ్ళకు గంతలు కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు."

"డ్రోన్ బయటికి పోవడమేంటండీ, అది ఇదిగో..."

"డ్రోన్ సంగతి తర్వాత! ఆకుపచ్చ గోడలు, కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు. ఎవరిల్లది?"

పిన్ని ఆలోచించింది. ఆ బిల్డింగులో అందరి గోడల రంగులూ ఆమెకు తెలుసు. "మాస్టారిల్లు," అంది.

బాబాయ్ ఇంకేం వినలేదు. ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడిన అలక ఒక్క క్షణంలో ఎటుపోయిందో తెలియదు, మోకాళ్ళ నొప్పి కూడా దాని వెంటే పోయింది. ముందు కిందికి పరిగెత్తి వాచ్‌మన్‌ని పిలిచాడు. "మాస్టారింట్లో ఎవరో దూరినట్టున్నారయ్యా," అన్నాడు. వాచ్‌మన్ మొదటి అంతస్తులో 'దొంగలు దూరారు' అన్నాడు. రెండో అంతస్తులో 'ముగ్గురు దొంగలు' అయ్యారు. మూడో అంతస్తు నర్సమ్మ 'మాస్టార్ని కట్టేసి కొట్టారు' అని విని మందుల పెట్టె పట్టుకుని పైకొచ్చింది. నాలుగో అంతస్తు చేరేసరికి మాస్టారి తలుపు ముందు ఏడుగురు పోగయ్యారు. లోపల్నుంచి జుయ్యిమని ఏదో మిషన్ రొద.

"మాస్టారూ!" అని బాబాయ్ తలుపు బాదాడు. "నేను, రేడియోని!"

"ఇప్పుడు కుదరదు!" లోపల్నుంచి మాస్టారి గొంతు. "నా చేతులు ఖాళీ లేవు!"

"చేతులు కట్టేశారు," అని వాచ్‌మన్ వెనకవాళ్ళకు చెప్పాడు.

"అసలే సరిగ్గా కనబడి చావట్లేదు!"

"కళ్ళు కూడా."

"ఆగండయ్యా, ముందు దీన్ని కింద పడెయ్యనివ్వండి!"

"అమ్మో, ఎవర్నో పడేస్తారట!" అంది నర్సమ్మ.

వాచ్‌మన్ నాలుగడుగులు వెనక్కి వేసి, భుజం ముందుకు పెట్టి పరిగెత్తుకొచ్చాడు. తలుపుకు గడియ పెట్టి లేదు. అందుచేత ఆయన ఆగవలసిన చోట ఆగకుండా హాలంతా దాటి, పుస్తకాల బీరువాను కావలించుకున్నాడు. ఎర్రటి బుల్లి డ్రోన్ ఒకటి ఆయన తలమీదుగా తప్పించుకుని, రెండు గిరికీలు కొట్టి, నర్సమ్మ తెరిచి పట్టుకున్న మందుల పెట్టెలో దూది మీద పడింది.

కుర్చీలో మాస్టారు. కళ్ళకు డబ్బా, చేతుల్లో రిమోట్. ఆయన డబ్బాను మెల్లగా నుదుటిమీదికి ఎత్తి, ఏడుగురినీ వరసగా చూశాడు. పదేళ్ళుగా ఆ బిల్డింగులో ఆయన నోట మాట రాకపోవడం అదే మొదటిసారి.

"ఇక్కడికొచ్చింది నా డ్రోన్ కదా," అన్నాడు బాబాయ్, తేరుకుని.

"నీదెలా అవుతుంది? నాది ఎర్రది."

"మరి నాది?"

"మన కర్టెన్‌కి వేలాడుతోంది, బ్యాటరీ ఊడి కిందపడింది," అంది పిన్ని వెనకనుంచి. "గుమ్మంలోంచే చూశాను. 'కట్టేశారు, కట్టేశారు' అంటూ మీరు పరుగెడితే చెప్పే సందెక్కడిచ్చారు?"

మాస్టారు బాబాయ్ వైపు తిరిగాడు. "ఏ ఛానల్‌లో పెట్టావు?"

"ఐదు."

"నాదీ ఐదే. ఒకరి డ్రోన్ ఆగిపోతే ఇంకొకరి బొమ్మ మన డబ్బాలో పడుతోంది." మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే మొన్న నా బ్యాటరీ అయిపోగానే కనిపించిన హాలు మీదన్నమాట. గోధుమరంగు సోఫా, చేతిమీద చిరుగు. నాది బల్ల కిందే పడుంది, మరి అదెవరి హాలో తెలియక రెండు రాత్రులు నిద్రపోలేదయ్యా. ఎవరినైనా అడుగుదామంటే మొహం చెల్లలేదు. ఎగిరే ఆటవస్తువులు నిషేధమని నోటీసు రాసిందే నేను."

జనం నవ్వుతూ ఒక్కొక్కరే దిగిపోయారు. వాచ్‌మన్ మాత్రం మూడో దొంగ సంగతి ఏమిటో తేలలేదన్న ముఖంతో వెళ్ళాడు. బాబాయ్ ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చూశాడు. తనదానిలాంటిదే, పాతరకం.

"మీరు డిజిటల్ కొనుక్కోవచ్చుగా మాస్టారూ? పల్చటి టీవీ కొన్నవారు."

"చూశాను. మరీ శుభ్రంగా ఉంది," అన్నాడు మాస్టారు. గోడమీది భార్య ఫోటో వైపు చూడకుండానే చూశాడు. "ఇందులో చుక్కలు పడుతుంటే... ఆవిడ వంటింట్లోంచి అరిచేది గుర్తుందా? 'బొమ్మ పోయింది, రేడియో బాబాయ్‌ని పిలవండి' అని. షాపులో ఇది పెట్టుకోగానే ఆ గొంతు వినిపించిందయ్యా. పిలుద్దామనే అనిపించింది. నేనన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను."

బాబాయ్ డబ్బా వెనక ఉన్న బుల్లి యాంటెన్నాను వేళ్ళతో పట్టుకుని, ముప్పై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ కాస్త పక్కకు తిప్పాడు. "ఇప్పుడు చూడండి."

మాస్టారు డబ్బా దించుకున్నాడు. "వచ్చింది," అన్నాడు. "బాగా వచ్చింది."

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. బాబాయ్ కిందికెళ్ళి కర్టెన్‌లోంచి తన డ్రోన్ తెచ్చి ఛానల్ మార్చాడు. ఎవరు ముందు ఎగరేయాలన్న మీమాంసలో "మీరు కానివ్వండి" అంటే "లేదు, నువ్వే కానివ్వు" అని పది నిమిషాలు గడిచాయి. పిన్నికి విసుగొచ్చింది. "ఇటివ్వండి," అని బాబాయ్ చేతిలోని రిమోట్ లాక్కుని, డబ్బా పెట్టుకుంది.

"జాగ్రత్తే! అది అంత సులువు కాదు, ముందు ఎడమ పుల్ల..." అంటుండగానే నీలం డ్రోన్ లేచింది. మాస్టారి కుర్చీ కాళ్ళ మధ్యనుంచి దూరింది. బీరువా పై అర చుట్టొచ్చింది. కిటికీ చువ్వలకు వేలెడు దూరంలో వెనక్కి మళ్ళి, తలుపు పిడికి అవతలినుంచి ఇవతలికొచ్చి, కాఫీ గ్లాసుకీ కళ్ళజోడుకీ మధ్య ఉన్న జానెడు చోటులో చప్పుడు లేకుండా దిగింది. రెండు జతల కళ్ళు దాని వెంటే తిరిగి ఆగాయి.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు బాబాయ్.

"మీరు మధ్యాహ్నం మూడింటిదాకా గుర్రుపెడతారు కదా," అంది పిన్ని డబ్బా తీయకుండానే. "నేనేం చేస్తాననుకున్నారు? లాప్‌టాప్‌లో రొద కూడా ఉండదు. ఆ ఎర్రది కూడా ఇలా ఇవ్వండి మాస్టారూ, ఎలా ఉంటుందో చూస్తాను."

మర్నాటినుంచి రోజూ పదింటికి మాస్టారి హాల్లో డ్రోన్లు ఎగురుతున్నాయి, బాబాయ్, మాస్టారు బ్యాటరీలు ఛార్జింగ్ పెడుతున్నారు.