రెండు జానల నాలుగు వేళ్లు

ఇందుమూలంగా యావన్మంది పాఠకులకు తెలియజేయడమేమనగా, నంద్యాల పట్టణం 1976వ సంవత్సరం వేసవిలో ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు విమానయాన యుగంలో ప్రవేశించింది. విమానం రాలేదు. అది దిగడానికి కావలసిన మైదానం కూడా మాకు లేదు. అవి లేకుండానే ఆ యుగంలో ప్రవేశించవచ్చునని కనిపెట్టిన మహానుభావుడు శ్రీ గరుడ విలాస్ మోటార్ సర్వీసు యజమాని శేషయ్య గారు. ఆయనకు ఉన్నది ఒకే బస్సు. అది పొద్దున ఎనిమిదింటికి నంద్యాలలో బయలుదేరి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరి, ఓపిక ఉంటే సాయంత్రానికి తిరిగి వచ్చేది.

శేషయ్య గారు అంతకు ముందు నెలలో ఒక పెళ్లికని హైదరాబాదు నుంచి మద్రాసుకు విమానంలో వెళ్లారు. ఆకాశంలో ఏం చూశారని అడిగితే 'ఏముందిప్పా, మబ్బులు' అని ఊరుకున్నారు. ఆయన మనసు దోచుకున్నది విమానం కాదు, విమానం ఎక్కే చోట గుమ్మం పక్కన పెట్టిన ఇనుప చట్రం. చేతిలో సంచి ఉన్న ప్రతివాడూ దాన్ని ఆ చట్రంలో దించి చూపాలి. పడితే లోపలికి, పట్టకపోతే వెనక్కి. తెల్ల చొక్కా ఉద్యోగి ఒకడు ఒక సూటు మనిషి పెట్టెను వెనక్కి పంపేశాడట. సూటు మనిషి మారు మాట్లాడలేదట. ముప్పై ఏళ్లుగా టికెట్టుకు రెండు తిట్ల చొప్పున తింటూ బస్సు నడుపుతున్న శేషయ్య గారికి ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చాయి. "నోరెత్తల్యాప్పా! ఒక్క మాట అనల్యా!" అని ఆయన వారం రోజులు చెప్పినవాళ్లకే చెప్పారు.

దగ్గర టేపు లేకపోవడంతో ఆయన ఆ చట్రాన్ని తన చేత్తోనే కొలుచుకున్నారు. పొడవు రెండు జానల నాలుగు వేళ్లు. దాన్ని టికెట్టు వెనక రాసుకుని, నంద్యాల రాగానే వడ్రంగి మోషేకు ఇచ్చారు. మోషే బక్కపలచని మనిషి, రాసింది రాసినట్టు చేసే నిజాయితీపరుడు. చీటీలో జాన అని ఉంది కాబట్టి అతను కూడా జానతోనే కొలిచి, మంచి టేకు చట్రం చేసి ఇచ్చాడు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలని మనవి. మేము పెట్టుకోలేదు.

దేశమంతా గోడల మీద క్రమశిక్షణ గురించి రాసుకుంటున్న రోజులవి. మా బస్సుల అడ్డాలో కూడా ఒక బోర్డు వెలిసింది: 'చేతి సామాను రెండు జానల నాలుగు వేళ్లకు మించరాదు. చట్రమే ప్రమాణము. ఇట్లు, యాజమాన్యము.' చట్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టారు. శేషయ్య గారు బస్సు మెట్టు మీద నిలబడి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! ఆకాశమున అమలయ్యే నియమము నేలన ఎందుకు అమలు కాకూడదు? మనమేం తక్కువా? ఈ పొద్దు నుంచి నంద్యాల మద్రాసుతో సమానము. బస్సు కొంచెము లేటు కావచ్చును. నాగరికత ఊరికే వస్తాదా?"

మేము చప్పట్లు కొట్టాము. బస్సు ఆ రోజు గంటన్నర లేటు.

అంతవరకూ బస్సు పక్కన నిలబడి 'ఆళ్లగడ్డా, ఆళ్లగడ్డ' అని గొంతు చించుకునే ఆనందరావును సామాను పరిమాణ పర్యవేక్షకుడిగా నియమించారు. తెల్ల చొక్కా కుట్టించారు. చొక్కా తొడుక్కున్న మరుక్షణం అతనికి మా ఎవరి పేర్లూ గుర్తు లేకుండా పోయాయి. నిన్నటిదాకా నాతో బీడీ పంచుకున్నవాడు నన్ను 'ప్రయాణికుడా' అని పిలిచాడు. అధికారం ఇంత త్వరగా ఒంటబట్టడం నేను అంతకు ముందు మా తాలూకాఫీసులో మాత్రమే చూశాను. నేను ఆళ్లగడ్డలో గుమాస్తాను, రోజూ ఆ బస్సులోనే పోయి వచ్చేవాణ్ణి.

కొత్త నియమానికి మొదటి దెబ్బ శిరివెళ్ల ఆడవాళ్ల నుంచి తగిలింది. పదిమంది నెత్తిన గంపలు పెట్టుకుని వచ్చి, రెండు చేతులూ చాచి చూపించారు. "చేతి సామాను అని రాసినారంట గదప్పా. మా చేతుల్లో ఏముందో చూసుకో" అన్నారు. ఆనందరావు చూశాడు. ఏమీ లేదు. గంపలన్నీ దర్జాగా బస్సెక్కాయి. మర్నాడు బోర్డు కింద అనుబంధం వచ్చింది: 'చేతి సామాను అనగా నెత్తి, భుజము, చంక, ఒడి యందలి సామాను కూడా చేతి సామానే.'

చంక అనే మాట అందులో పడింది కాబట్టి, పద్మమ్మ అనే ఆమె చంకలోని రెండేళ్ల పిల్లవాణ్ణి కూడా చట్రంలో దించవలసి వచ్చింది. నడుము దాకా బాగానే పట్టాడు. వాడికి ఆ చోటు ఎంత నచ్చిందంటే, బయటికి తీయబోతే ఏడ్చి గోల చేశాడు. ఇరవై నిమిషాలు బస్సు ఆగింది. 'ఏడ్చునది సామాను కాదు' అని రెండో అనుబంధం రాశారు. ఆ మర్నాడు ఒకాయన మేకపిల్లను తెచ్చాడు. ఎక్కించబోతుంటే అది అరిచింది. అరుపు ఏడుపు కిందికి వస్తుందా రాదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

దారిలో ఎక్కేవాళ్లను కొలవడానికి చట్రం కూడా బస్సులోనే రావాలి కనుక దానికి రెండు సీట్లు కేటాయించారు. చట్రం చట్రంలో పట్టదు గదా అని ఒక అమాయకుడు అడిగాడు. "కొలిచేదాన్ని కొలవరాదు" అని ఆనందరావు సెలవిచ్చాడు. రాజ్యాంగంలో కూడా ఇంత క్లుప్తమైన వాక్యం లేదు.

ఇక మేము, అంటే ప్రయాణికులం, నియమాన్ని మనసా వాచా గౌరవించాము. గౌరవిస్తూనే దారులు వెతుక్కున్నాము. పెళ్లికి పోయే ఆడవాళ్లు నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకున్నారు. అవుకు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కడుపు శిరివెళ్ల దాటాక తీసి పక్కన పెడితే నేతి చెంబు అని తేలింది. నేను మూడు చొక్కాలు తొడుక్కుని, పంచె మడతల్లో రెండు సేర్ల చింతపండు దోపుకుని పోయేవాణ్ణి. ఆ ఎండల్లో ఆవిరి కుడుములా ఉడికినా, నియమం పాటించామన్న తృప్తి ఉండేది.

ఇలా ఆరు వారాలు గడిచాక లూదియా వచ్చింది.

లూదియాది ఉయ్యాలవాడ. నంద్యాలలో మేనత్త సువార్తమ్మ ఇంట్లో ఉండి కుట్టుపని నేర్చుకుంది. చర్చి సంఘంలోని ఆడవాళ్లంతా కలిసి ఆమెకు చేత్తో తిప్పే పాత కుట్టుమిషను ఒకటి ఇప్పించారు. ఆళ్లగడ్డలో ఒక ఆడపిల్లల బడికి కుట్టు టీచరు కావాలని కాగితం వచ్చింది. పదకొండు గంటలకు సొంత మిషనుతో హాజరై, కమిటీ ఎదుట పసిపిల్ల గౌను ఒకటి కుట్టి చూపాలి. ఉద్యోగం ఒక్కటే. ఆ కాగితాన్ని ఆమె బైబిల్లో పెట్టుకుని తెచ్చింది. మిషను దాని చెక్కపెట్టెలో భద్రంగా ఉంది.

పెట్టె చట్రంలో దిగలేదు.

"ఇది పట్టదు" అన్నాడు ఆనందరావు.

"రెండంగుళాలే గదన్నా ఎక్కువ. ఒళ్లో పెట్టుకుంటా. ఎవురికీ అడ్డం రాను."

"ఒడి కూడా చెయ్యే. అనుబంధం చదువుకో."

"అట్లయితే టాపు మీద ఏయించు."

"టాపు సామానుకు ముందురోజే అర్జీ పెట్టుకోవాల. లిఖితపూర్వకంగా."

లూదియా బోర్డు వైపు చూసింది. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. మెడలో ఉన్న టేపు తీసి చట్రం పొడవు కొలిచింది. పద్దెనిమిది అంగుళాలు. పెట్టె ఇరవై. తర్వాత ఆరు వారాలుగా నంద్యాలలో ఎవరికీ తోచని ప్రశ్న ఒకటి అడిగింది.

"అన్నా, ఇది ఎవురి జాన?"

"ఎవురి జాన ఏందీ? జాన అంటే జానే."

"నా జాన ఇంత. నీ జాన అంత. బోర్డు మీద ఎవురిదో రాయల్యా గదా. జానతో కొలిచి కుడితే ఒకరి రైక ఇంగొకరికి పోతాది."

బస్సులో కలకలం పుట్టింది. నలభై మంది పెద్దమనుషులు అరచేతులు చాచి ఒకరి జాన ఒకరు కొలుచుకోవడం మొదలుపెట్టారు. బియ్యం మిల్లులో మూటలు మోసే కొండయ్య జానలో నావి ఒకటిన్నర పట్టాయి. ఎవరి జానకు వాళ్లు వాదించారు. చివరికి ఆనందరావు చొక్కా సర్దుకుని, "జాన అనగా ప్రొప్రయిటరు గారి జాన" అని తీర్పు చెప్పి, బుకింగు గదిలో ఉన్న శేషయ్య గారిని పిలిపించాడు.

శేషయ్య గారు ఆరడుగుల మనిషి. తన జాన చట్టమైందని తెలిసి సంతోషంగా చెయ్యి చాచారు. లూదియా టేపు పెట్టింది. తొమ్మిదిన్నర అంగుళాలు. రెండు జానలు పంతొమ్మిది, నాలుగు వేళ్లు మూడున్నర. వెరసి ఇరవై రెండున్నర.

అంటే విమానం చట్రం ఇరవై రెండున్నర. మోషే చెయ్యి చిన్నది కాబట్టి మా చట్రం పద్దెనిమిది. మద్రాసుకు ఎగిరిపోగల పెట్టె ఆళ్లగడ్డకు పోలేకపోతున్నది. ఆ లెక్కన పెట్టె ఎక్కాలి, చట్రం దిగాలి.

అందరమూ శేషయ్య గారి వైపు చూశాము. ఆయన చట్రం వైపు చూశారు. పసుపు, కుంకుమ, టెంకాయ, తన ఉపన్యాసం, ఆరు వారాలుగా వెనక్కి పంపిన సామాను, ఇవన్నీ ఆయన కళ్ల ముందు కదిలినట్టున్నాయి. ఆయన తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"చట్రం తప్పయ్యేదానికి ల్యాదు. దానికి పూజ చేసినాము. నా చెయ్యే ఈ మధ్య వాచింది" అన్నారు.

"ఎట్ల వాస్తాదప్పా?" అంది లూదియా. "పొద్దు పోతాంది. పదకొండుకు ఆడ ఉండాల. ఇంగొకరి బస్సు పదకొండున్నరకు గాని ల్యాదు." ఆమె లోపలికి చూసింది. ముందు సీట్లో, చేతిలో ఆఫీసు కాగితాలతో, చదువుకున్నవాడిలా కనిపించింది నేనొక్కణ్ణే. "సారూ, మీరన్నా చెప్పండి. మీ కండ్ల ముందరనే కొలిస్తి గదా."

కొలిచింది. అంకెలు నేను కూడా చూశాను. ఒక్క మాట అంటే చాలు, శేషయ్య గారు గుమాస్తాలకు భయపడే మనిషే. కానీ నా ఒంటి మీద మూడు చొక్కాలున్నాయి, పంచెలో చింతపండు ఉంది. అటువంటప్పుడు మనిషికి నియమం మీద అపారమైన భక్తి కలుగుతుంది.

"రూలు రూలేనమ్మా" అన్నాను. "ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాల్సి వస్తాది."

బస్సు బస్సంతా ఔనంది. నాలుగు చీరలు ఔనన్నాయి, నేతి చెంబు ఔనంది. "దిగమ్మా బిరీన, మాకు కోర్టు పనులుండాయి" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు. కొండయ్య ఒక్కడు లేచి, మెట్టు మీది పెట్టెను జాగ్రత్తగా కిందికి దించి, తిరిగి ఎక్కకుండా మిల్లు వైపు నడిచిపోయాడు. బస్సు కదిలినప్పుడు లూదియా బోర్డు నీడలో ఆ పెట్టె మీద కూచుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే రెండో అనుబంధం కింద ఎక్కించేవాళ్లమేమో.

ఆమె ఆళ్లగడ్డ చేరేసరికి ఒంటిగంటన్నర. బడి గేటు పదకొండుకే వేశారట. అక్కడా రూలు ఉంది. శేషయ్య గారు మాత్రం మాట మీద నిలబడే మనిషి కాబట్టి, పదిహేను రోజులు చేతికి కట్టు కట్టుకుని తిరిగారు. మేము బత్తాయిలు తీసుకుని పరామర్శకు వెళ్లాము.

లూదియా ఉయ్యాలవాడకు తిరిగిపోలేదు. బస్సుల అడ్డా ఎదుటి వసారాలో మిషను పెట్టుకుని, సరిగ్గా చట్రంలో పట్టే గుడ్డ సంచులు కుట్టడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి గరుడ విలాస్ ఎక్కే ప్రతి చేతిలోనూ ఆమె కుట్టిన సంచే. ఆ తర్వాత శేషయ్య గారి బస్సు పాతబడి ఆగిపోయింది, ఆనందరావు మళ్లీ మా పేర్లు గుర్తు తెచ్చుకున్నాడు. చట్రం లూదియా దుకాణం చేరింది. కత్తిరింపు ముక్కలు అందులో వేసుకునేది.

ఎనభై ఒకటిలో నాకు పదోన్నతి వచ్చింది. కొత్త చొక్కాకు మంచి గుడ్డ కొని ఆమె దగ్గరికే వెళ్లాను. నన్ను గుర్తు పట్టలేదనే అనుకున్నాను. గుడ్డ తీసుకుని, మర్యాదగా కూచోబెట్టి, నా భుజం మీద తన జాన పెట్టింది.

"చేతులు రెండు జానల నాలుగు వేళ్లు" అని కాగితం మీద రాసుకుంది.

"టేపు ల్యాదామ్మా?"

"ఎందుకు ల్యాదు సారూ, ఉంది" అంది మెడలోని టేపు చూపిస్తూ. "రూలు రూలే గదా."

నాకు సిగ్గు వేసింది. ఆ రోజు బస్సులో వేయవలసిన సిగ్గు అది, ఐదేళ్లు లేటుగా వచ్చింది.

నాలుగు రోజుల్లో చొక్కా కుట్టి ఇచ్చింది. కుట్టు అద్భుతం, వంక పెట్టడానికి లేదు. చేతులు మాత్రం మోచేతులు దాటి కాస్త దూరం పోయి, మణికట్టు పట్టీల దగ్గర బిగుసుకుని ఆగిపోయాయి. అదే తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాను. అందరూ చుట్టూ చేరారు. 'ఏందప్పా, ఇంత బిగుతుగా ఉంది?' అని అడిగారు.

"చొక్కా సరిగానే ఉంది. నా చేతులే ఈ మధ్య వాచినాయి" అన్నాను.

అందరూ జాలిగా తలలూపారు. ఒకరు ఉప్పు కాపడం పెట్టమన్నారు, ఒకరు కర్నూలులో మంచి డాక్టరు ఉన్నాడన్నారు, సాయంత్రం ఇద్దరు బత్తాయిలతో ఇంటికి వచ్చారు. టేపు తెమ్మని మాత్రం ఒక్కరూ అనలేదు.