యంత్రానికి అందని నీళ్ళు

ఆ శనివారం పొద్దున్న నికనోర్ చూక్ పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో కొత్తగా బిగించిన, నీళ్ళని మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌ యంత్రానికి సరైన అంకె పెట్టాలి. ముందుగదిలో భార్య ఆడీ నడిపే బ్యూటీ పార్లర్ కోసం దాన్ని కొన్నారు. వాళ్ళుండే మెరిదా నగరమంతా సున్నపురాయి మీదే కూర్చుని ఉంది. ఆ నీళ్ళతో తల కడిగితే జుట్టు కొబ్బరిపీచవుతుంది. బిగించిన ప్లంబరు వెళ్తూ వెళ్తూ, "ఈ కాగితం ముక్క నీళ్ళలో ముంచండి. రంగును బట్టి నీళ్ళు ఎంత గట్టివో, అంటే సున్నం ఎంతుందో తెలుస్తుంది. అది యంత్రానికి చెప్పండి, చాలు" అన్నాడు.

నికనోర్ ముంచాడు. కాగితం ముదురు ఊదాకి తిరిగింది. డబ్బా మీద ఆ రంగు పక్కన నాలుగువందల పాతిక అని ఉంది. ఎంత పెంచినా యంత్రం మీద అంకె తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఇంకొకరైతే ఎక్కడో తేడా కొట్టిందనుకునేవారు. నికనోర్ ఛాతీ మాత్రం రెండంగుళాలు పొంగింది.

"ఆడీ, ఇలా రా. మన నీళ్ళు యంత్రానికి అందట్లేదు."

"అందకపోవడమేంటి? పైపు పెట్టి వెళ్ళాడుగా."

"పైపు సంగతి కాదే. లెక్కకి అందట్లేదు. దీన్ని చేసినవాళ్ళు మన వీధి నీళ్ళు చూసుండరు."

"దాంతో ఇచ్చిన పుస్తకం చదివావా?"

"పుట్టినప్పట్నుంచి తాగుతున్న నీళ్ళకి పుస్తకమెందుకు?" అని తొంభై తొమ్మిది మీదే ఉంచి, ఎదురింటి మెల్చోర్‌కి చెప్పడానికి వెళ్ళాడు.

మెల్చోర్ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. నికనోర్ ఇంట్లో ఏది ఉన్నా తన ఇంట్లో దానికంటే పెద్దది ఉందంటాడు. ఈసారీ అదే అన్నాడు. మరో కాగితం తెచ్చి అతని కుళాయి కింద పెడితే అదే ఊదా రంగు వచ్చింది. "అయితే వీధి మొత్తానిదీ ఈ ఘనతే" అని మెల్చోర్ తీర్పు చెప్పాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తలెత్తుకుని నడిచింది.

నీళ్ళు ఎంత గట్టివని చెబితే యంత్రం అంత తరచుగా ఉప్పునీటితో తనను తాను కడుక్కుంటుంది. తొంభై తొమ్మిది అని విన్న ఆ యంత్రం రాత్రి విడిచి రాత్రి కడుక్కుంటూ, పశువు గడ్డి మేసినట్టు ఉప్పు మేసింది. రెండు వారాలు తిరక్కుండానే నికనోర్ బస్తా వెనక బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. ఎదురు అరుగు మీంచి చూస్తున్న మెల్చోర్‌కి ఒక సంగతి తట్టింది. ఇంట్లో మనుషులు తినేంత ఉప్పు కాదిది. పేట చర్చి పునీతుడి పండుగ దగ్గరపడుతోంది. అంటే, నికనోర్ ఎక్కడో పందిని కోయించి ఉప్పులో ఊరేస్తున్నాడు.

ఆ మాట పండుగ సంఘం పెద్ద దోన్యా తియోదోసియా చెవిన పడింది. మరో ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ఆవిడ వచ్చేసరికి నికనోర్ భుజాన బస్తాతో గుమ్మంలోనే ఉన్నాడు.

"మీ చెయ్యి చల్లగుండ నాయనా. వచ్చే సోమవారం ఊరేగింపు అయ్యాక సంఘమంతటికీ పంది భోజనం మీ ఇంట్లోనేనట కదా."

కాదు, ఈ ఉప్పు నీళ్ళకి అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదురు అరుగు మీద మెల్చోర్ చెవి ఇటే పెట్టి నిలబడ్డాడు.

"అవునమ్మా," అంది నికనోర్ నోరు. "పెద్ద పందే."

లోపల ఆడీ చేతిలో దువ్వెన ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళగానే, "ఏదయ్యా పంది?" అంది.

"పంది ఎక్కడైనా దొరుకుతుంది. పోయిన పరువు దొరుకుతుందా?"

పంది దొరికింది. వంటకి అత్తగారు దోన్యా లిగియా వచ్చింది. పంది మాంసంతో నల్ల చిక్కుడు గింజలు వండటంలో పేట మొత్తంలో ఆవిడకి సాటి లేరు. గింజకి గింజ విడిగా నిలవాలి, పంటికింద మెత్తగా విరగాలి. తెల్లవారుతూనే పొయ్యి మీద పెట్టి, "ఊరేగింపు తిరిగొచ్చేలోపు మూత తియ్యకండి. ఈ నీళ్ళలో గింజలుడకాలంటే ఓపిక ఉండాలి" అంది.

ఆవిడ ఎరిగిన నీళ్ళు అవి కావు. మెత్తబడ్డ నీళ్ళలో గింజలు పొద్దెక్కకముందే ఉడికి, చితికి, ముద్దయి కూర్చున్నాయి. మూత తీసిన దోన్యా లిగియా గరిటె పట్టుకుని అలాగే పీట మీద కూలబడింది.

"నా చెయ్యి పోయింది, అల్లుడూ. ముసలిదాన్నయిపోయాను."

ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం నికనోర్ ఎన్నడూ వినలేదు. దూరంగా ఊరేగింపు టపాకాయలు వినబడుతున్నాయి. తన పరువు సంగతి అప్పుడు గుర్తురాలేదు అతనికి.

"మీ చెయ్యి కాదు అత్తయ్యా. నీళ్ళు. తప్పంతా నాది. అందరి ముందూ నేనే చెబుతాను."

ఆవిడ తలెత్తింది. "నీళ్ళా? మరి ముందే చెప్పవేం? నువ్వెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. జల్లెడ తీసుకురా."

మాంసం ముక్కలు ఏరి పుల్ల నారింజ రసంతో నిప్పుల మీద కాల్పించింది. గింజల ముద్దని జల్లెడలో రుద్ది, పట్టులాంటి గుజ్జు దించి, ఉల్లిపాయలతో తాలింపు పెట్టింది. జెండాలు గోడకి ఆనించి సంఘం వాళ్ళు తినడం మొదలెట్టారు. తియోదోసియా రెండోసారి పళ్ళెం చాపుతూ, "ఇంత నున్నగా ఎలా వచ్చింది, లిగియా?" అంది.

"సంఘానికి రోజువారీ వంట పెడతానా?" అంది దోన్యా లిగియా, నిటారుగా నిలబడి.

గిన్నెలు కడిగాక ఆడీ ఆ పుస్తకం తనే తెరిచింది. కాగితం చెప్పేది ఒక కొలత, యంత్రం అడిగేది మరో కొలత. కాగితం లెక్కని పదిహేడుతో భాగించాలి. భాగిస్తే నాలుగువందలు రాలిపోయి పాతిక మిగిలింది. నికనోర్ పాతిక పెట్టాడు. నిజం చెప్పేసి బరువు దించుకుందామని మెల్చోర్ ఇంటికి వెళ్ళాడు.

మెల్చోర్ తలుపు దగ్గరగా వేశాడు. "పాతికా? ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. ప్రొగ్రేసో ఊళ్ళో ఉన్న మా బావమరిదికి చెప్పాను, మన నీళ్ళు యంత్రానికే అందవని. వాడు వాళ్ళ వీధంతా చెప్పాడు. నీ పందిని పుట్టించింది నేనే, ఒప్పుకుంటాను. నాలుగు తిట్టు, పడతాను. ఆ పాతిక మాత్రం నోటికి తేకు, తమ్ముడూ."

మర్నాడు మెల్చోరే పెరట్లోకి వచ్చి, అంకె కనబడకుండా యంత్రం మీద శుభ్రమైన తువ్వాలు కప్పి వెళ్ళాడు.