ఒక కప్పు కాఫీ, నాలుగు నవ్వులు

కాఫీ వేడిగా తాగాలని మొదట చెప్పినవాడెవడో గానీ, వాడికి లోకజ్ఞానం లేదు. వేడి కాఫీ ఎంతమందికి సరిపోతుంది? ఒక్కరికి. అదే చల్లారిన కాఫీ అయితే నలుగురికి, ఆ నలుగురి ఊళ్లకు, ఆ ఊళ్లలో ఉన్న చుట్టపక్కాలందరికీ సరిపోతుంది. పైగా కప్పులో ఇంకా మిగిలే ఉంటుంది!

నమ్మకం కుదరకపోతే ఏ శుక్రవారం సాయంత్రమైనా కువైట్‌లో, సాల్మియాలో సముద్రం పక్కనున్న మాల్‌కు వెళ్లి చూడండి. పై అంతస్తులో అద్దాల పక్క బల్ల దగ్గర మెర్లిటా కూర్చుని ఉంటుంది. ఆమె ముందు ఒక కప్పు, కప్పులో నురుగు, నురుగు మీద ఆకు బొమ్మ. ఆమె దాన్ని తాగదు. రెండు చేతులతో పట్టుకుని, తల కొద్దిగా ఓ పక్కకు వాల్చి, సముద్రంకేసి చూస్తుంది. దివినా ఫోటో తీస్తుంది. తరువాత కప్పు దివినా చేతికి వస్తుంది, ఆపైన లోర్నాకు, చివరికి టెస్‌కు. కప్పు వెంట మెర్లిటా హ్యాండ్‌బ్యాగూ లోర్నా నల్ల కళ్లద్దాలూ ఊరేగుతాయి.

"ఏయ్, లిప్‌స్టిక్ కప్పుకి అంటించకు. నీ తరవాత నేనున్నా."

"ఆకు చెదిరిపోతోంది, తొందరగా కానియ్యవే."

"ఆకు చెదిరితే చెదిరింది. ముందు నా గడ్డం ఒకటే కనబడేట్టు తియ్యి. పోయినసారి రెండు తీశావు."

"ఉన్నవే తీశానక్కా."

నాలుగు ఫోటోలు అయ్యాక కాఫీ తాగుతారు. అందరూ కాదు, ఆ వారం వంతు వచ్చినవాళ్లు. తక్కినవాళ్లు సంచిలోంచి నీళ్ల సీసా తీస్తారు.

దీన్ని చూసి మీకు జాలి కలిగిందా? అదే మీ అజ్ఞానం. నలుగురు నాలుగు కాఫీలు కొనుక్కుని, మాట్లాడకుండా తాగేసి, మూతులు తుడుచుకుని వెళ్లిపోవడం ఏం నాగరికత? ఎవరికి తెలిసింది? ఎవరు సంతోషించారు? మెర్లిటా తాగని కాఫీని ఫిలిప్పీన్స్‌లో, వాళ్ల ఊరు ఇలోయిలోలో ఆమె తల్లి చూస్తుంది. చేపల బజారులో పదిమందికి చూపిస్తుంది. కూతురు జెనీకా కాలేజీలో స్నేహితురాళ్లకు చూపిస్తుంది. ఇంతమంది కడుపు నింపిన కాఫీ ఈ భూమ్మీద ఇంకెక్కడుంది?

ఇక రెండో ఉపకారం. ఫోటోకు వాసన ఉండదు.

ఈ నలుగురూ ఉండేది ఒక పాత భవనంలో, ఒకే గదిలో. రెండు ఇనుప మంచాలు, ఒక్కోదానికి కిందొక పరుపు, పైనొక పరుపు. చుట్టూ పూల కర్టెన్. కర్టెన్ వేస్తే అది సొంత ఇల్లు, తీస్తే ఊరు. ఆ గదిలో ఎండు చేపలు వేపకూడదని కట్టడి. కాపలా చూసే ఈజిప్టు ముసలాయన, వీళ్లు బాబా అని పిలిచే మనిషి, మూడో అంతస్తులో మూకుడు వేడెక్కితే కింద గేటు దగ్గర లేచి నిలబడతాడు. మెట్లెక్కి వచ్చి తలుపు కొడతాడు.

"మళ్లీ చచ్చిన చేపేనా?"

"మరి బతికున్న చేపని వేపమంటావా బాబా?" అంటుంది లోపల్నుంచి లోర్నా.

"పైవాళ్లు నన్ను తిడుతున్నారమ్మా."

"వాళ్లకీ ఓ ముక్క పంపిస్తాలే. అప్పుడు నిన్ను తిట్టరు, మమ్మల్నే తిడతారు."

ఈ గొడవంతా ఫోటోలో కనిపిస్తుందా? వినిపిస్తుందా? ముక్కుకు సోకుతుందా? లేదు కదా. దేవుడు కంటికీ ముక్కుకూ వేరువేరు దారులు పెట్టడంలో ఎంత దూరాలోచన ఉందో ఈ నగరానికి వచ్చాకే అర్థమవుతుంది.

మెర్లిటా ఒక పిల్లల నర్సరీలో ఆయా. ముక్కులు తుడుస్తుంది, బట్టలు మారుస్తుంది, పిల్లలు ఇళ్లకు వెళ్లాక నేల తుడుస్తుంది. ఒకరోజు ఖాళీ తరగతిలో, రంగుల అక్షరాలు రాసిన బోర్డు ముందు నిలబడినప్పుడు టెస్ ఫోటో తీసింది. టెస్‌ది కూడా అక్కడే అదే పని. తుడుపు కర్ర ఫోటోలోకి రాకుండా గోడకు చేర్చి పెట్టింది. మెర్లిటా దాన్ని ఫోన్‌లో అందరూ చూసేట్టు పెట్టి, కింద 'పని చేసే చోట' అని మాత్రమే రాసింది. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఇలోయిలోలో ఆ రోజు నుంచి ఆమె టీచరమ్మ అయిపోయింది.

దిద్దవచ్చు కదా అంటారు మీరు. దిద్దాలనే అనుకుంది. కానీ తల్లి ఫోన్‌లో "మా టీచరమ్మా" అని పిలిచినప్పుడు మెర్లిటా లోపల ఏదో చిన్నపిల్ల లేచి నిలబడింది. ఆ పిల్లను మళ్లీ కూర్చోమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తరువాత తరువాత నేల తుడుస్తున్నప్పుడు కూడా, బోర్డు ముందు నిలబడిన ఆ ఇంకో మెర్లిటా తనను గమనిస్తున్నట్టు, కాస్త చిన్నచూపు చూస్తున్నట్టు అనిపించేది. ఎవరు ఎవరి ఫోటోయో కొన్నాళ్లకు తేలడం మానేసింది.

ఇంతలో టెస్ కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మూడు ఖాళీలు వదిలింది: నర్సరీలో ఉద్యోగం, మెర్లిటా మంచంలో పై పడక, కాఫీలో ఒక వంతు.

తిరిగి వెళ్లిన మనిషైనా నిజం చెబుతుందనుకున్నారా? పాపం, మీకు మనుషులతో అంత పరిచయం లేనట్టుంది. టెస్ మెర్లిటా ఇంటికి చాక్లెట్లు పట్టుకుని వెళ్లింది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "కువైటా? అబ్బో, అదంతా చెప్తే అర్థంకాదులే" అంది. తాను ఇన్నేళ్లూ నేల తుడిచానని చెప్పడానికా అంత దూరం నుంచి చాక్లెట్లు మోసుకొచ్చింది? నర్సరీ మేడమ్ కొత్త పిల్ల కోసం చూస్తోందని మాత్రం చెప్పింది. మేడమ్ ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

ఆ వారమే జెనీకా ఫోన్ చేసింది.

"అమ్మా, నేను కాలేజీ మానేస్తున్నా."

టీచర్ ట్రైనింగ్‌లో ఆఖరి ఏడాది. ఆ ఒక్క ఏడాది కోసమే మెర్లిటా ఇంకా ఇక్కడుంది.

"మానెయ్యడమేంటే? ఇంకెంత, ఏడాదేగా."

"ఇక్కడ టీచరైతే ఏమొస్తుంది? అదేదో అక్కడే చేస్తా. నీలాగా."

"నేను టీచర్నని నీకెవరు చెప్పారే?"

"నువ్వే. బోర్డు ముందు ఫోటో పెట్టలా?"

"ఇక్కడ చాలా కష్టం తల్లీ. నా మాట విను."

"కష్టపడేవాళ్లు అంత తెల్లబడతారా అమ్మా?"

ఫోన్‌లో తెలుపు చేసే మీట ఒకటుందని, అది నొక్కితే ఎవరైనా తెల్లబడతారని మెర్లిటా చెప్పబోయింది. కానీ జెనీకాకు ఆ మీట తెలియక కాదు. తన ఫోటోల్లో తానూ నొక్కుతుంది. అమ్మ నొక్కుతుందని మాత్రం ఆమెకు తోచలేదు. ఎదుటివాళ్ల ఆనందం ఎప్పుడూ అసలుదిగానే కనిపిస్తుంది కదా.

ఆ సాయంత్రం గదిలో పంచాయితీ జరిగింది. గదంతా చూపించి, ఉన్నదున్నట్టు చెప్పి కూతుర్ని ఆపుతానంది మెర్లిటా.

"నువ్వు మంచం చూపిస్తే మంచం మీద నేను కనబడతా" అంది దివినా. ఆమె ఒక ఆఫీసులో టీలు అందిస్తుంది. "మా అత్త నన్ను మేనేజరనుకుంటోందక్కా. ఆవిడ గుండె అసలే మంచిది కాదు."

"మీ అత్త గుండె సంగతి నాకెందుకే? నా కూతురి చదువు పోతోంది."

"నా వైపు కర్టెన్ వేసి చూపించుకో పోనీ" అంది లోర్నా.

"సగం కర్టెన్ వేస్తే సగం నిజమే అవుతుందిగా."

చివరికి దివినాయే మెత్తబడింది. "సరే, పిల్ల బతుకు ముఖ్యం. శుక్రవారం మాల్ వద్దు. నిజమే చూపిద్దాం."

శుక్రవారం వచ్చింది. నిజాన్ని చూపించడానికి ఆ గది ఎలా ముస్తాబైందో చూడవలసిందే! దివినా తల దువ్వుకుంది. లోర్నా పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది. తియ్యమని మెర్లిటా అరిస్తే తీసేసి, చూడకుండా మళ్లీ పరిచింది. నేల మీద పాత పేపర్లు వేసి వాటి మీద అన్నం కుప్పగా పోశారు. పక్కన టమాటా ముక్కలు, వేపిన ఎండు చేపలు. కంచాలు కడిగే సింకు రెండు రోజులుగా పారడం లేదు, అందుకని కంచాలు లేవు. ముగ్గురూ నేల మీద కూర్చుని ఒకే కుప్పలోంచి చేత్తో తింటున్నారు.

మెర్లిటా కూతురికి వీడియో కాల్ కలిపి, ఫోన్ ఎత్తి పట్టుకుంది.

ఇక్కడే మూడో ఉపకారం చోటుచేసుకుంది. ఫోన్ లేవగానే దివినా నవ్వింది. లోర్నా నవ్వి, రెండు వేళ్లు విప్పి చెంపకు ఆనించింది. వాళ్ల తప్పు కాదు. ఇన్నేళ్ల అలవాటు, మోకాలి మీద తడితే కాలు లేచినట్టు.

"చూడు తల్లీ" అంది మెర్లిటా. "ఇది నా మంచం. ఈ కర్టెనే నా గోడ. నేను టీచర్ని కాను. ఆయాని. పిల్లల ముక్కులు తుడుస్తా, నేల తుడుస్తా. వారానికోసారి ఒక్క కాఫీ కొని అందరం ఫోటో దిగుతాం. మేమిక్కడ తినేది ఇదీ."

ఒక్క మాట కూడా దాచలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి నిజం ఆమె నోట్లోంచి తిన్నగా బయటికి వచ్చింది. అప్పుడే ఫోన్ మూలన ఉన్న చిన్న చదరంలో ఆమెకు తన మొహం కనిపించింది. తల ఓ పక్కకు వాలి ఉంది. పెదాలు విచ్చుకుని ఉన్నాయి. దించాలని చూసింది. దవడ బిగించింది. నవ్వు ఇంకాస్త పెద్దదైంది. ఆ మొహం తనది కాదు, కానీ తన మెడ మీదే ఉంది. దానికి వేరే యజమాని ఉన్నాడు.

అంతలో తలుపు దబదబా మోగింది.

"మళ్లీ చచ్చిన చేపేనా?"

ముగ్గురూ ఒక్కసారిగా పకపకా నవ్వారు.

అక్కడ ఇలోయిలోలో జెనీకా ఏం చూసింది? వాళ్ల ఊళ్లో పండగకు అరిటాకులు పరిచి, అన్నం కుప్పపోసి, చుట్టూ చేరి అందరూ ఒకే కుప్పలోంచి చేత్తో తింటారు. కూతురు చూసింది ఆ పండగనే. అరిటాకులు మాత్రం లేవు.

"ఎంత సరదాగా ఉన్నారమ్మా! ఎండు చేపలు కూడానా!"

"సరదా కాదే. నేను చెప్పింది విన్నావా, లేదా?"

"విన్నాలే. నన్ను రానివ్వకుండా ఉండడానికి ఏదో చెప్తావు. నీ మొహంలోనే తెలుస్తోందిగా. ఆ పైది ఖాళీయేనా? అది నాకు."

చూశారా! మాట అబద్ధం చెబుతుందేమోనని మనుషులు వెయ్యేళ్లుగా భయపడి చచ్చారు. ఇప్పుడా భయం లేదు. ఇక నిజం ఎంతైనా చెప్పుకోవచ్చు, ఎవరూ నమ్మరు. ఇంతకంటే వాక్స్వాతంత్ర్యం ఏ రాజ్యంలో ఉంది?

జెనీకా మేడమ్‌తో తానే మాట్లాడుకుంది. కాలేజీ మానేసి కువైట్ వచ్చేసింది. నర్సరీలో తుడుపు కర్ర ఎక్కడ ఉంటుందో మొదటిరోజే తెలుసుకుంది. రాత్రుళ్లు పైనుంచి ఇనుప మంచం కిర్రుమన్నప్పుడల్లా కింద మెర్లిటా కళ్లు తెరుచుకునే ఉండేవి. పిల్ల నిద్రపోలేదని తెలిసేది. తల్లీకూతుళ్ల మధ్య ఒక పరుపు మందం. అది ఇలోయిలో కంటే దూరమని ఎవరు అనుకుంటారు?

తరువాత ఒక శుక్రవారం సాయంత్రం. అదే మాల్, అదే అద్దం పక్క బల్ల. కప్పు లోర్నా దగ్గర్నుంచి జెనీకా చేతికి వచ్చింది. ఆమె చేతులు ఫినాయిల్ వాసన వేస్తున్నాయి.

"చల్లారిపోయిందమ్మా ఇది."

"తాగడానికి కాదు తల్లీ. ఈ వారం వంతు దివినా ఆంటీది."

జెనీకా కప్పు దించలేదు, తాగలేదు. అందులోకే చూస్తూ ఉంది. ఆకు బొమ్మ ఎప్పుడో కలిసిపోయింది.

"అమ్మా, ఆ రోజు ఫోన్‌లో అంతా నిజమే చెప్పావు."

"చెప్పాను."

"మరి ఎందుకు నవ్వావు?"

మెర్లిటా నోరు తెరిచింది.

"తల్లీకూతుళ్లూ, ఇటు చూడండి" అంది దివినా, ఫోన్ ఎత్తి.

ఇద్దరూ చూశారు.

ఫోటో చాలా బాగా వచ్చిందని ఇలోయిలోలో అందరూ అన్నారు. అమ్మమ్మ చేపల బజారంతా తిప్పి చూపించింది. జెనీకా కూడా అప్పుడే తెల్లబడిందట.