షట్టరు ముందు లైను

ఆదివారం ఉదయం ఏడున్నరకి కొత్త కోడలికి బాత్రూము కోసం మూడో నంబరు టోకెను దక్కింది. మామగారు ఒక ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టోకెన్లు చింపి ఇచ్చిన మనిషి. రిటైరైన రోజున మిగిలిన టోకెన్ల కట్టలన్నీ సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. అత్తగారు ఈ టోకెన్ల బాధ పడలేక కూతురింటికి వెళ్ళి రెండు నెలలైంది.

కోడలికి ఆ రోజు మూడో నంబరు కూడా ముద్దొచ్చింది. ఊరి నడిబొడ్డున వీధి మూసేసి, సాయంత్రం ఐదింటికి పాటకచేరీ పెడుతున్నారు. ప్రవేశం ఉచితం. ఆమె కాలేజీలో మూడేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. వాయించేవాళ్ళ వేళ్ళు కనిపించేంత దగ్గరగా, భర్త పక్కన నిలబడి వినాలని ఆమె కోరిక. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. నెలకొక్క ఆదివారమే సెలవు. పెళ్ళైన నాలుగు నెలల్లో ఇద్దరూ కలిసి సరదాగా గడప దాటడం ఇదే మొదటిసారి.

"మూడింటికే వెళ్ళిపోదాం. ముందు వరస మనదే," అన్నాడు భర్త.

"ఉచితమా?" అని పేపరు వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. "ఉచితమంటే జనానికి ఒళ్ళు తెలీదు. నేనూ వస్తా."

ముప్పై అంతస్తుల గొయ్యి మీద తాడు పట్టుకు వేలాడే మొనగాడికి తండ్రిని వద్దనడానికి మాత్రం నోరు పెగల్లేదు. "దానికేం నాన్నా," అన్నాడు.

గేటు దగ్గర ఎదురింటి పిన్నిగారు ఎదురైంది. ఆవిడ పొద్దున్నే వెళ్ళి స్టేజీ ముందు నాలుగు దుప్పట్లు పరిచి, చుట్టాలను కాపలా పెట్టి, మంచినీళ్ళ కోసం ఇంటికొచ్చింది. "ఇప్పుడా బయల్దేరడం? వెనకెక్కడో నిలబడి జనాల వీపులు చూసుకోండి, పాపం," అని జాలిపడింది. ఆ జాలిలో జాలి తప్ప అన్నీ ఉన్నాయి.

వీధి అప్పటికే కిటకిటలాడుతోంది. ఎవరో ప్లాస్టిక్ విసనకర్రలు ఊరికే పంచుతుంటే, రెండు చేతులే ఉన్నవాళ్ళు కూడా నాలుగేసి పట్టుకు తిరుగుతున్నారు. స్టేజీ ఇంకా రెండు వందల అడుగుల దూరంలో ఉండగానే మామగారికి మోకాలు పట్టేసింది. మూసి ఉన్న ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ షట్టరు ముందు, నీడలో, ఇంటి నుంచి తెచ్చుకున్న మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారు. కోడలు ఆయన వెనక గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమె వెనక భర్త.

"మీరిక్కడ చల్లగా కూర్చోండి మామయ్యగారూ, మేం కాస్త ముందుకెళ్ళి..." అని ఆమె అంటుండగానే, భర్త వెనక ఓ విసనకర్రల పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు.

"ఈ లైను దేనికండీ?"

మామగారికి ఈ ప్రశ్న కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్ళలో దీనికి ఆయన ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. "ముందు నిలబడండి. వంతు వచ్చినప్పుడు తెలుస్తుంది," అన్నారు. చెయ్యి దానంతటదే, ఎక్కడికెళ్ళినా భుజాన ఉండే టోకెన్ల సంచీలోకి పోయి ఒకటో నంబరు చింపింది.

పది నిమిషాల్లో నలభై మందయ్యారు. గొడుగులిస్తున్నారని ఒకరు, మెత్తటి కుర్చీలిస్తున్నారని ఒకరు. "ఏమిస్తున్నారో తెలీదు గానీ ఇస్తున్నారు," అని విసనకర్రల పెద్దమనిషి వెనకవాళ్ళకి తేల్చి చెప్పాడు. అది నిజమే. టోకెన్లు ఇస్తున్నారు.

"ఏవండీ, వెళ్ళిపోదామా?" అంది ఆమె భర్త చెవిలో.

"నాన్నని చూడు, రిటైరయ్యాక ఇంత కళగా ఎప్పుడైనా ఉన్నాడా? ఒక్క పది నిమిషాలు."

ఆ పది నిమిషాల్లో ఓ పోలీసు వచ్చి, ఇంత పద్ధతైన లైనుకి తాడు లేకపోవడమేమిటని నొచ్చుకుని, పొడుగూతా తాడు కట్టించాడు. ఇక దాన్ని దాటి ఎవరూ స్టేజీ వైపు పోలేరు. ఆమె ముందు వరస ఆశనీ ఆ తాడే కట్టేసింది. లైను మూల తిరిగి, క్లినిక్ ఉన్న భవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, రెండో వైపు నుంచి మళ్ళీ మామగారి కుర్చీ పక్కకే వచ్చింది.

ఐదున్నరైనా పాట మొదలవలేదు. "కళాకారులు ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరికి రావాలి," అని మైకు మూడోసారి బతిమాలింది. ఆమె నీరసంగా పక్కకి చూసింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక వయొలిన్ పెట్టె. దాని వెనక చెమటలు కక్కుతూ నలుగురు.

"మీరు... వాయించేవాళ్ళా?"

"అవునమ్మా," అంది వయొలిన్ ఆవిడ. "దారి అడిగితే అందరూ లైన్లో రండి అన్నారు. గంటైంది."

"మామయ్యగారూ, వీళ్ళని వదిలేయండి."

"నంబరెంత?"

"రెండు వందల పద్నాలుగు."

"ఇంకా ఒకటే నడుస్తోంది."

కచేరీ పెట్టినాయన పరుగున వచ్చి చేతులు జోడించాడు. లైను ఒప్పుకోలేదు. "పెట్టె మోసుకొచ్చిన ప్రతివాడూ కళాకారుడే అంటే, పొద్దుట్నుంచీ నిలబడ్డ మేం వెర్రివాళ్ళమా?" అన్నాడు విసనకర్రల పెద్దమనిషి. ఆయన వచ్చింది మూడున్నరకి. ఆ ప్రశ్నకి సమాధానం అందరికీ తెలుసు గానీ ఎవరూ చెప్పలేదు.

కోడలు కుర్చీ పక్కకి వంగింది. "మామయ్యగారూ, మీ ఆఫీసుకి నడవలేని పెద్దవాళ్ళొస్తే ఏం చేసేవారు?"

"లైను చెడకుండా, వాళ్ళున్న చోటే పని చేయించి పంపేవాణ్ణి." ఆయన వీపు నిటారైంది.

"వీళ్ళూ కదల్లేకుండా ఉన్నారు కదా. వీళ్ళ పనీ ఇక్కడే చేయించండి."

మామగారు ఆలోచించారు. నిబంధన తనదే. కాదనడానికి వీల్లేదు. "కానివ్వండి," అన్నారు.

వయొలిన్ పెట్టె తెరుచుకుంది. తీగల మీద వేళ్ళు పరుగెత్తాయి. చూపుడువేలి కొసన తీగ కోసిన సన్నటి గీత కూడా ఆమెకి కనిపించింది. గొడుగు కర్ర మీద ఆమె చేతిపైన భర్త చెయ్యి వేశాడు. లైను లైనంతా తలలూపుతూ, తాము దీనికోసమే నిలబడ్డామని ఒకరికొకరు చెప్పుకుంది.

దుప్పట్లు భుజానేసుకుని పిన్నిగారు రొప్పుతూ వచ్చింది. "ఏమే, స్టేజీ అక్కడుంటే పాట ఇక్కడేమిటి? కాస్త జరుగు."

మామగారు తలెత్తకుండా టోకెను చింపారు. "మూడు వందల నలభై ఒకటి. వెనక్కి వెళ్ళండి."

సోమవారం ఉదయం షట్టరెత్తడానికి వచ్చిన పళ్ళ డాక్టరుకి గుమ్మం ముందు పదకొండు మంది టోకెన్లతో కనిపించారు. క్లినిక్ పెట్టిన ఆరేళ్ళలో ఆయన అంతమందిని ఒకేసారి చూడలేదు. ఎందుకొచ్చారని అడగలేదు, నోరు తెరవమన్నాడు.