ఇద్దరికీ ఒకే పర్సు

ఎనిమిదింబావుకి గదికి తాళం వేయాలి, ఎనిమిదిన్నరకి బుర్జుమాన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాలి, తొమ్మిదింబావుకల్లా అల్ కుసైస్‌లో దిగాలి, పదింటికి అక్కడి ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. ఈ పథకాన్ని ప్రభుకిరణ్ ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. ఇంటర్వ్యూ అతనిది కాదు, అతని భార్య రూబీది. అయినా కంగారంతా అతనే పడుతున్నాడు.

రూబీ నర్సు. ఆమె పనిచేసే క్లినిక్ మూతబడింది. నెలాఖరులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా గడువు అయిపోయి, ఆమె ఒక్కతే నరసాపురం వెళ్ళిపోవాలి. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. పెళ్ళయిన నాలుగేళ్ళలో మూడేళ్ళు ఆయన ఇక్కడ ఎడారి దేశంలో, ఆవిడ అక్కడ ఊళ్ళో అన్నట్టు బతికి, పోయిన ఏడాదే కరామాలో ఒక గది తీసుకుని కాపురం పెట్టారు. అందుకని ఆ వారం అన్నం కూడా సరిగ్గా సహించలేదు ఇద్దరికీ.

"ఫైలు నాకివ్వండి, నేను పట్టుకుంటాను," అంది రూబీ తలుపు దగ్గర.

"వద్దు. ఒరిజినల్స్ ఉన్నాయి. నువ్వు టెన్షన్లో ఎక్కడో పెట్టేస్తావు."

"పోనీ నా కార్డయినా ఇవ్వండి."

"యూనిఫాం జేబులో పెట్టి ఉతికేసింది ఎవరు?"

నిజమే, రూబీ ఒక్కసారి ఉతికింది. అప్పటినుంచి ఇద్దరి నోల్ కార్డులూ ప్రభుకిరణ్ పర్సులోనే కాపురం చేస్తున్నాయి. మెట్రో ఎక్కేచోట కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది, దిగినచోట మళ్ళీ ఆనిస్తేనే బయటికి వదులుతుంది. రెండు కార్డులదీ ఒకటే రంగు, ఒకటే సైజు. దేని మీదా పేరు లేదు. ఏది ఎవరిదో తనకి తెలుసని ప్రభుకిరణ్ నమ్మకం.

బుర్జుమాన్‌లో అతను ఒక కార్డు తీసి ఆనించాడు. గేటు తెరుచుకుంది. రూబీ లోపలికి వెళ్ళింది. ప్రభుకిరణ్ ఆ కార్డుని జాగ్రత్తగా పర్సులో పెట్టి, అంతే జాగ్రత్తగా మళ్ళీ అదే కార్డు తీసి ఆనించాడు. ఎర్ర దీపం వెలిగింది.

"బ్యాలెన్స్ లేనట్టుంది," అని మెషిన్ దగ్గరికి పరిగెత్తి అందులో ఇరవై దిర్హాములు వేయించుకొచ్చాడు. మళ్ళీ ఎర్ర దీపమే.

గేటు దగ్గర ఆసిమ్ అనే సెక్యూరిటీ అతను ఇదంతా చూస్తున్నాడు. కార్డు తీసుకుని పరీక్షించి, "భాయ్, యే కార్డ్ తో పహలే సే అందర్ హై," అన్నాడు.

"అందర్ మేరీ బీవీ హై భాయ్! కార్డ్ తో మేరే హాథ్ మే హై!"

కార్డు చేతిలో ఉండగా అది లోపల ఉందనడం ప్రభుకిరణ్‌కి బొత్తిగా అన్యాయంగా తోచింది. ఆ కార్డు మీద రూబీ లోపలికి వెళ్ళిందనీ, ఆమె బయటికొచ్చేదాకా అదే కార్డు మీద ఇంకో మనిషి వెళ్ళడం కుదరదనీ ఆసిమ్ ఓపికగా రెండోసారి చెప్పాడు. ఈ లోపల ప్రభుకిరణ్ పర్సులోంచి రెండో కార్డు కూడా లాగాడు. ఆ కంగారులో రెండూ కింద పడ్డాయి. తీసి చూస్తే ఏది ఏదో తెలియలేదు.

"పర్సు ఇలా ఇచ్చెయ్యండి!" అంది రూబీ గేటు అవతలనుంచి. "బయటికెళ్ళే గేటుకి ఆనిస్తే నాది తెలిసిపోద్ది."

అతను కార్డులు పర్సులో పెట్టి గేటు పైనుంచి అందించాడు. రూబీ ఒకటి తీసి ఆనించింది. గేటు తెరుచుకుంది. ఇదే నాదన్నమాట అనుకుంటూ, రెండోది మొగుడి చేతికిద్దామని బయటికొచ్చింది.

మొగుడు అక్కడ లేడు. చొక్కా జేబులో చిల్లరుందని గుర్తొచ్చి, ఒక్క ప్రయాణానికి పనికొచ్చే కాగితం టికెట్టు కొనుక్కుని అవతలి గేటులోంచి అప్పుడే లోపలికి వెళ్ళాడు.

"రూబీ! నేను లోపలున్నాను!"

"నేను బయటున్నాను కదండీ!"

"కదలకు, నేనొస్తున్నా!"

అతను బయటికి వచ్చేశాడు. టికెట్టు అక్కడితో చెల్లిపోయింది. అతను చెప్పింది వినపడని రూబీ ఈలోగా రెండో కార్డు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. ఆసిమ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. బహుశా నవ్వు ఆపుకోవడానికి.

గడియారం తొమ్మిదీ పది దాటింది. కింద రైలు వచ్చిన చప్పుడు వినబడింది. రూబీ ఒకసారి మెట్లవైపూ ఒకసారి మొగుడివైపూ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను వెళ్తన్నానండీ. ఇంక ఆగితే నరసాపురమే!"

"ఫైలూ!" అని ప్రభుకిరణ్ అరిచేలోపు ఆమె దిగిపోయింది. పర్సూ, రెండు కార్డులూ ఆమెతోనే వెళ్ళాయి.

మిగిలిన చిల్లరతో ప్రభుకిరణ్ ఇంకో కాగితం టికెట్టు కొన్నాడు. ఫైలుని గుండెలకి హత్తుకుని మెట్లు దిగేసరికి తర్వాతి రైలు తలుపులు మూసుకోబోతున్నాయి. కళ్ళ ముందున్న తలుపులోకి దూకాడు. లోపలంతా ఆడవాళ్ళే. ఒకావిడ ఏమీ అనకుండా నేలమీది గులాబీరంగు గీతని వేలితో చూపించింది. ఆ గీత దాటిన మగవాడికి వంద దిర్హాముల జరిమానా. గీత అవతలికి అడుగువేసేలోపే ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు.

"ఐడీ?"

"పర్సులో ఉంది సర్."

"పర్స్ కిధర్?"

"మై వైఫ్, సర్."

"వైఫ్ కిధర్?"

"ఇంటర్వ్యూ, సర్."

ఇన్‌స్పెక్టర్ అతన్ని యూనియన్ స్టేషన్‌లో దింపి ఒక కుర్చీ చూపించాడు. ప్రభుకిరణ్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రూబీకి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. సర్టిఫికెట్లు లేకుండా ఎవరిస్తారు ఉద్యోగం? భార్యని చేజేతులా విమానం ఎక్కించేసినట్టే అనిపించింది. "ప్రభువా, ఈ ఒక్కసారికి" అని కళ్ళు మూసుకున్నాడు.

పదకొండున్నరకి రూబీయే ఫోన్ చేసి సంగతి తెలుసుకుంది. పన్నెండింటికల్లా వచ్చి, ముందు పర్సు తీసి అతని ఐడీ, వంద దిర్హాములు ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చింది.

"ఏమైంది?" అన్నాడు ప్రభుకిరణ్, జవాబు వినడానికి భయపడుతూ.

"రేచెల్ మేడమని, అక్కడ నర్సులందరికీ హెడ్డంట. ఒకటే అడిగారండీ. ఒకే పేరున్న పేషెంట్లు ఇద్దరు పక్కపక్క మంచాల మీదుంటే మందులు మారిపోకుండా ఎలా చూస్తావన్నారు."

"నువ్వేమన్నావ్?"

"రెండూ ఒక్క చేత్తో పట్టుకోకూడదన్నాను. పేరు రాయనిదాన్ని అసలు ముట్టుకోకూడదు, ఒకరి పని పూర్తయ్యి రాసుకున్నాకే రెండోవాళ్ళ జోలికెళ్ళాలన్నాను. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అనడిగారు. పొద్దున్నే బుర్జుమాన్ గేటు దగ్గర నేర్చుకున్నానని మొత్తం చెప్పేశాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సోమవారం జాయినవ్వమన్నారు."

"మరి ఫైలు?"

"కాపీలు ఆన్‌లైన్లో ఎప్పుడో చూసేశారంటండీ. ఒరిజినల్స్ ఈ వేళ అడగనే లేదు."

ప్రభుకిరణ్ ఒళ్ళోని ఫైలుకేసి చూశాడు. "అయితే నెలాఖరుకి నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదా?"

"వెళ్ళక్కర్లేదండీ," అంది రూబీ. అతను కర్చీఫ్ తీసి ముఖంతోపాటు కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రసీదు చింపి అతని చేతిలో పెట్టాడు.

ఇంటికెళ్ళగానే రూబీ రెండు కార్డులకీ తెల్ల ప్లాస్టరు అంటించి, ఆసుపత్రి పద్ధతిలో పేరు, పుట్టిన తేదీ రాసింది. ప్రభుకిరణ్ కార్డు మీద రక్తం గ్రూపు కూడా రాసింది. తన కార్డు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది, సర్టిఫికెట్లు తన పెట్టెలో దాచుకుంది.

ఫైలు మాత్రం ప్రభుకిరణ్‌కే వదిలేసింది. జరిమానా రసీదు అందులో చాలా జాగ్రత్తగా ఉంది.