తరగని లెసిథిన్ డబ్బా

షీనా, ఆ టీవీ కట్టేసి ఇలా వచ్చి నా పక్కన కూర్చో. మీ తాతయ్య నరాలు ఎలా బాగుపడ్డాయో చెబుతాను. ఆయన గరాజులో ఉన్నారులే, వినపడదు.

ఎనభై తొమ్మిదిలో సంగతి. ఈ పారమట్టా ఊళ్ళోనే, మన పెరట్లో గడ్డి నా మోకాలి దాకా లేచింది. నెల తిరిగేసరికి నీ తమ్ముడు ఇవాన్ బాప్తిస్మం విందు అక్కడే పెట్టాలి. నా నడుమా వంగదు. గడ్డి కోసే మిషను తియ్యండన్నాను. ఆ పూటే మీ తాతయ్య కాళ్ళు తిమ్మిరెక్కాయి. రైల్వేలో ఎలక్ట్రీషియన్ కదా, జబ్బు కూడా ఆ లెక్కలోనే వచ్చింది.

"అమృతం, నరమంటే కరెంటు తీగే. పైన కొవ్వు తొడుగుంటుంది. నాది అరిగిపోయింది. మిషను ముట్టుకుంటే షార్టయిపోతాను."

"మరి టీవీ మీట నొక్కితే అవ్వట్లేదే?"

"అది లో వోల్టేజీ."

డాక్టర్ ఉదయలక్ష్మి దగ్గరికి లాక్కెళ్ళాను. సూదితో అరికాలు గుచ్చి చూసింది. ఆయన పెట్టిన కేకకు బయట కూర్చున్న పేషెంట్లు ఇద్దరు జబ్బు నయమై ఇంటికెళ్ళిపోయారు.

"నరాలు భేషుగ్గా ఉన్నాయి అంకుల్. కాలు మీద కాలేసుకుని రెండేసి గంటలు పేపరు చదవకండి, అంతే!"

ఆ మాట ఆయనకెక్కలేదు. ఆరోగ్యపు సరుకులమ్మే కొట్టుకెళ్ళి లెసిథిన్ అని పెద్ద డబ్బా తెచ్చారు. సోయా చిక్కుళ్ళలోంచి తీసిన కొవ్వట, పసుప్పచ్చటి పలుకులు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో అలాంటి కొవ్వే ఉంటుందని డబ్బా మీద చదివి వినిపించారు.

"రోజుకు మూడు చెంచాలు. డబ్బా అయ్యేదాకా ఏ పనీ ముట్టకూడదు."

"అదీ డబ్బా మీదే రాసుందా?"

"అది నరాలకు తెలుస్తుందే!"

రెండు వారాల్లో అడుగు కనబడాల్సిన డబ్బా మూడో వారం కూడా గొంతు దాకా ఉంది. నాకు చదువు రాదు గానీ కళ్ళున్నాయి కదా. ఇటు నా మొక్కజొన్న రవ్వ డబ్బా చూస్తే సగానికి దిగింది! నేనేమీ ఎరగనట్టే అడిగాను.

"ఏమండీ, బైబిల్లో ఏలీయా వచ్చినప్పుడు సారెపతు విధవరాలి తొట్టిలో పిండిలాగా ఇది తరగట్లేదే!"

"అంతా దేవుని కృప" అన్నారు, కాళ్ళు బల్ల మీదికి చాపి.

"దేవుని కృపను మనమొక్కళ్ళమే దాచుకోకూడదు కదండీ?"

"కూడదు, కూడదు."

ఆ శనివారం మధ్యాహ్నం మనింట్లో ప్రార్థన కూటం. తాలింపు పెట్టి, ఎసరు మరిగాక ఆ డబ్బా మొత్తం కుమ్మరించి, జీడిపప్పు వేసి ఉప్మా చేశాను. మీ తాతయ్య రెండోసారి వడ్డించుకున్నారు.

"అమృతం, ఉప్మా ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదే!"

"మీ నరాల మందేనండీ. అందరికీ పంచాను."

చెంచా నోట్లోనే ఆగిపోయింది. మందు వండేశావేమిటే అందామంటే, అది రవ్వలా ఎలా ఉడికిందని అడుగుతారు. రవ్వేనే అందామంటే పక్కన పాస్టరుగారు! గుటుక్కున మింగేశారు.

ఇంతలో ఫ్రాంక్లిన్ అంకుల్ లేచి, "ఒక్క ప్లేటుకే నా మోకాలి నొప్పి పోయింది, ప్రైజ్ ద లార్డ్!" అన్నాడు. కరోలిన్ ఆంటీ కళ్ళజోడు తీసేసి గడియారం చూసి టైము చెప్పేసింది. తప్పు చెప్పిందనుకో.

నేను ఖాళీ డబ్బా బోర్లించి చూపించాను.

"డబ్బా అయిపోయింది. నరాలెలా ఉన్నాయండీ?"

సంఘమంతా ఆయన నోటి వైపే చూస్తోంది.

"బా... బాగున్నాయి."

"హల్లెలూయ!" అన్నారంతా. పొద్దున్నే పెట్రోలు పోసి ఉంచిన మిషను తెచ్చి ఆయన ముందు పెట్టాను. సంఘం వరండాలో నిలబడి కీర్తనలు పాడుతుంటే, మీ తాతయ్య తాళానికి తగ్గట్టు పెరడంతా కోశారు. చివరికి ఫ్రాంక్లిన్ అంకుల్, "బ్రదర్, మా పెరడు కూడా" అన్నాడు.

ఏంటే, ఆ నవ్వు? "కెన్ ఐ టెల్ తాతయ్య?" అంటావా? అమ్మో, వద్దు! ఆ డబ్బాలో ఆయన రవ్వ కలపడం నేను కనిపెట్టానని ఆయనకు ఈనాటికీ తెలీదు. నువ్వు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకుని, నీ పిల్లలకూ వాళ్ళ పిల్లలకూ చెప్పు. మీ తాతయ్య ఒక్కరికి తప్ప. వచ్చే శనివారం మళ్ళీ గడ్డి కొయ్యాలి.