రాజుగారి ముందుపన్ను

"చనిపోయినవాడికీ పరువుంటుంది. మూడు వేల ఏళ్లు గడిచినా ఆ పరువు పాతబడదు!" అని మ్యూజియం డైరెక్టరుగారు కమిటీ ముందు ప్రకటించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

ఈ సంగతి డైరెక్టరుగారికి కిందటి వారమే తెలిసింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లూ ఆయన ఎముకల్ని తవ్వించారు, కడిగించారు, కోయించారు, గోనెసంచుల్లో కట్టించి వెనక గదిలో పడేయించారు. కిందటి వారం ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. హాల్లో అద్దాల పెట్టెలో ఉన్న రాజుగారి పుర్రె నుంచి ఒక పన్ను కావాలంది. దాన్ని కాస్త పొడి చేసి పరీక్షిస్తే ఆయన ఏ వంశంవాడో తేలుతుందట.

"ఏ పన్ను?" అన్నారు డైరెక్టరుగారు.

"పైవరసలో ముందుదండీ. అరగకుండా ఉన్నది అదొక్కటే."

గుమ్మడికాయల దొంగ అంటే ఎవరైనా భుజాలు తడుముకుంటారు. డైరెక్టరుగారు మూతి తడుముకున్నారు.

ఆ పన్ను ఆయనదే. పుర్రె దొరికిన రోజుల్లో ఆయన చిన్న ఉద్యోగి. ముక్కలన్నీ అతికించాక పైవరసలో ఒక ఖాళీ మిగిలింది. తెల్లారితే పత్రికలవాళ్లు ఫోటోకి వస్తారు. ఆ వారమే పీకించుకున్న పన్ను, పారెయ్యబుద్ధి కాక, పొట్లంలో కట్టి జేబులో పెట్టుకున్నారు. పళ్ల డాక్టరు సిమెంటు నింపిన వైపు లోపలికి తిప్పి, దాన్నే ఆ ఖాళీలో జిగురుతో అంటించారు. రాజుగారు నవ్వారు. ఆ నవ్వు పత్రికల్లో పడింది, పాఠ్యపుస్తకాలకెక్కింది. దాన్ని పట్టుకునే ఈయన డైరెక్టరు కుర్చీదాకా ఎక్కారు. వచ్చే నెల ఆ హాలుకి ఆయన పేరు పెట్టబోతున్నారు.

"నిజం చెప్పేస్తే పోలా?" అంది భార్య.

"చెబితే పరువుంటుందా?"

"ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని మీ పన్ను చూసిపోతోంది. మీ ముఖం ఊరికే చూస్తున్నదాన్ని నేనొక్కదాన్నే."

అందుకే కమిటీ, అందుకే ఉపన్యాసం.

"ఆయన సమ్మతి లేకుండా పన్ను ముట్టుకోవడం దౌర్జన్యం" అన్నారు డైరెక్టరుగారు.

"పోయి మూడు వేల ఏళ్లయింది కదండీ, సమ్మతి ఎలా ఇస్తాడు?" అన్నారు ఒక ముసలి సభ్యుడు.

"ఇవ్వలేడు కాబట్టే తీసుకోకూడదు."

"మరి వెనక గదిలో సంచులున్నాయి కదండీ. వాళ్ల పరువో?" అంది ఓ మూల కూర్చున్న విద్యార్థిని.

"వాళ్లు కూలీలమ్మా. కావాలంటే ఒక సంచి పట్టుకెళ్లు."

పన్ను ఎవరిదో వారి సమ్మతి లేనిదే దాన్ని ఎవరూ తాకరాదని కమిటీ తీర్మానించింది. డైరెక్టరుగారు గదికి వెళ్లి కుర్చీలో వెనక్కి వాలారు. అంతలో ఆ అమ్మాయి లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పొద్దున కొలతల కోసం పెట్టె తెరిచారు కదండీ. భూతద్దం పెట్టి చూశాను. పన్ను వెనక సిమెంటు ఉంది."

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ఆ కాలంలో వైద్యం చాలా గొప్పగా ఉండేదమ్మా."

"ఉండే ఉంటుందండీ. మా వీధి డాక్టరు కూడా ఇదే సిమెంటు వాడతారు." ఆ అమ్మాయి ఆయన పైవరసలో ముందున్న కట్టుడు పన్ను వైపు చూసింది. "పన్ను ఎవరిదో వారి సమ్మతి అడగమన్నారు కమిటీవారు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

ఆయన చేత్తో మూతి కప్పుకున్నారు.

"నీకు కావలసింది రాజుగారి వంశం. ఆ పన్నులో నా వంశం తప్ప ఏముంటుంది? ఇంకేదైనా అడుగు."

"చెవి వెనక ఎముకైతే మేలండీ. కాని దానికి పుర్రె కోయాలి."

"కోసెయ్."

"తొడ ఎముక కూడా..."

"పెట్టె అడుగున రెండు తొడలున్నాయి. ఏది కావాలంటే అది తీసుకో. ఆ పన్ను ఊసు మాత్రం ఎక్కడా ఎత్తకు."

"మరి చనిపోయినవారి పరువండీ?"

డైరెక్టరుగారు లేచి వచ్చి పెట్టె తాళంచెవి స్వయంగా ఆమె చేతిలో పెట్టారు. "చచ్చినవాడికి పరువేమిటమ్మా? దాని అవసరమంతా బతికున్నవాళ్లకే."

ఆమెకూ పట్టా కావాలి. తాళంచెవి తీసుకుంది.

నెల తిరిగింది. హాలు గుమ్మం మీద డైరెక్టరుగారి పేరు వెలిసింది. లోపల అద్దాల పెట్టెలో రాజుగారి పుర్రె రెండు ముక్కలుగా ఉంది. ముందుపన్ను మాత్రం చెక్కు చెదరలేదు.